రెండు అంచుల బిళ్ళ

బజారు వీధిలో మెట్ల కింద, నిటారుగా నిలబడితే తల తగిలేంత గదిలో ఆవిడ గడియారాలు బాగుచేస్తుంది. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. ఆడమనిషి చేతికి గడియారం ఇవ్వడానికి మొదట్లో జనం వెనకాడారు. ఇప్పుడు ఆవిడ నాలుగు రోజులు కొట్టు మూస్తే వీధిలో సగం మందికి టైము తెలియదు. అందరూ గడియారాలమ్మ అనే పిలుస్తారు.

చెయ్యి ఎంత నిదానమో నోరు అంత దురుసు. వెంట్రుకంత స్క్రూని ఊపిరి బిగబట్టి బిగించగలదు గాని, ఇంట్లో ఏదైనా చెయ్యిజారి పడితే ఆవిడ గొంతు పై అంతస్తు దాకా వినబడుతుంది. "మా ఆవిడ ఓపికంతా కొట్లోనే ఖర్చయిపోతుంది, ఇంటికి చిల్లర కూడా మిగలదు" అని మొగుడు నవ్వుతుంటాడు. ఆయన బస్సు డ్రైవరు. రోజంతా హారన్లు వినే మనిషి కాబట్టి ఆ గొంతు ఆయనకి లెక్కలేదు. పిల్లలకి లెక్కే.

పిల్లలు ఇద్దరు. పెద్దది ఏడేళ్ళది, వసపిట్ట. నిద్రలో కూడా కబుర్లే. చిన్నవాడికి రెండేళ్ళు నిండి మూడు నెలలు. గుండ్రంగా, పొట్టిగా ఉంటాడని బుడంకాయ అన్నారు, అదే పేరైపోయింది.

ఆ ఏడు క్రిస్మస్ సెలవులకి పిల్లలు ఇంట్లో ఉన్నారు. వాళ్ళని చూసుకునే అత్తగారేమో కూతురి పురిటికి వెళ్ళింది. పండగ రద్దీకి బస్సులు ఎక్కువ తిప్పుతారు గనక మొగుడికి సెలవు దొరకలేదు. చేసేది లేక గడియారాలమ్మ కొట్టుకి తాళం వేసి, పండగలోగా ఇచ్చి తీరాల్సిన పదకొండు చేతి గడియారాల్నీ ఒక గోడ గడియారాన్నీ ఇంటికి మోసుకొచ్చింది. వాచీల్లో వేసే బిళ్ళ బ్యాటరీలు మాత్రం రేకు డబ్బాలో పెట్టి, తాళం వేసి, బీరువా మీదికి ఎక్కించింది. పసివాడున్న ఇల్లు. ఆ విషయంలో ఆవిడని వేలెత్తి చూపించడానికి లేదు.

కాని బ్యాటరీ ఆ డబ్బాలోంచి రాలేదు.

డ్యూటీ దిగి వస్తూ మొగుడు ఒక ప్యాకెట్టు తెచ్చాడు. ఆరు ప్లాస్టిక్ కొవ్వొత్తులు, మీట నొక్కితే మంట ఆడినట్టు మినుకుమినుకుమంటాయి. కిటికీ పక్కన నిలబెట్టిన క్రిస్మస్ చెట్టుకి పిల్లలే స్వయంగా గుచ్చారు. బుడంకాయ ప్రతిదాన్నీ ఉఫ్ అని ఊది, ఆరలేదని చప్పట్లు కొట్టాడు. అది ఇరవై రెండో తారీఖు సాయంత్రం.

మర్నాడు పొద్దున గడియారాలమ్మ కన్నుకి భూతద్దం తగిలించుకుని వంటింటి బల్ల ముందు కూర్చుంది. పక్కగదిలో పిల్లలు చెట్టు దగ్గర ఆడుకుంటున్నారు. వసపిట్ట మాటలు ఆగకుండా వినబడుతున్నాయి. కింద వీధిలోకి క్రిస్మస్ పాటలు పాడేవాళ్ళు వచ్చారు, డోలు మోగింది. ఆ తర్వాత కాసేపటికి పక్కగదిలో మాటలు ఆగిపోయాయి. 'హమ్మయ్య, ఇన్నాళ్ళకి దాని నోటికి సెలవిచ్చింది' అనుకుంది ఆవిడ. ఆ అనుకోవడాన్ని తరవాత చాలాకాలం తిట్టుకుంది.

కొంతసేపటికి బుడంకాయ వచ్చి చీర కుచ్చిళ్ళు పట్టుకున్నాడు. ఒకసారి దగ్గాడు. గడ్డం మీదికి చొంగ కారుతోంది. పాలిస్తే ఒక గుక్క నోట్లోకి తీసుకుని, మింగకుండా అలాగే పెదవుల చివర్నుంచి వదిలేశాడు. పళ్ళొస్తున్నాయేమో, జలుబేమో అనుకుని భుజాన వేసుకుంది. వాడు మెడ ఒక పక్కకి వంచి, ఏడవకుండా మూలిగాడు. గుమ్మంలో వసపిట్ట నిలబడి ఉంది.

"ఏమైందే?"

"ఏం లేదు."

రెండే మాటలు. అదే వింతగా తోచింది.

పిల్లాణ్ణి ఎత్తుకుని అటూ ఇటూ తిరుగుతూ చెట్టు దగ్గరికి వెళ్ళింది. అయిదు కొవ్వొత్తులు మినుకుమంటున్నాయి, ఆరోది వెలగడం లేదు. ఆగిపోయిన వస్తువు కనిపిస్తే చేతిలోకి తీసుకోకుండా ఉండలేదు ఆవిడ. తిప్పి చూసింది. అడుగున మూతకి స్క్రూ ఉండాలి. అసలు స్క్రూకి చోటే లేదు. గోటితో తోస్తే ఊడివచ్చే మూత అది, ఊడే ఉంది. లోపల గుండ్రటి గుంట, ఖాళీగా.

దాన్ని కొలవడానికి ఆవిడకి స్కేలు అక్కర్లేదు. ఇరవై మిల్లీమీటర్లు. వాచీలో వేసేది పప్పుగింజంత ఉంటుంది, ఇది చొక్కా గుండీకన్నా పెద్దది.

తడి తగిలిన బ్యాటరీ ఇత్తడి పలకని ఎలా తినేస్తుందో ఆవిడకి తెలుసు. పచ్చగా పొంగి, లోహమే చిల్లు పడిపోయిన గడియారాలు ఎన్నో చూసింది. బ్యాటరీల అట్టల మీద చిన్నపిల్లాడి బొమ్మ పక్కన ఉండే హెచ్చరిక కంఠతా వచ్చు: మింగితే రెండు గంటల్లో లోపల కాలిపోతుంది.

"ఇందులో బిళ్ళ ఏదే?"

"నాకు తెలీదు."

"అబద్ధం చెప్పావంటే చూడు!"

ఇల్లు దద్దరిల్లింది. వసపిట్ట ముఖం తలుపు మూసుకున్నట్టు మూసుకుపోయింది. పెదవులు బిగించి, కళ్ళు నేల మీద పెట్టేసింది. ఇప్పుడు కొట్టినా చంపినా ఆ నోట్లోంచి మాట రాదని తల్లికి అర్థమైంది. ఇలా మూసుకోవడం తానే నేర్పిందని కూడా ఆ క్షణంలోనే అర్థమైంది. కిందటి వారం సబ్బు పెట్టె పగిలినందుకు తాను వేసిన కేక గుర్తొచ్చింది.

గోడ మీద టైము పదీ ముప్పై అయిదు.

పిల్లాణ్ణి భుజం మీదే పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. గొంతుని స్క్రూ బిగించేటప్పటి చెయ్యిలా కదలకుండా పట్టుకుంది.

"మూత ఎవరు తీశారో నేను అడగట్లేదమ్మా. కొట్టను, తిట్టను. తమ్ముడి నోట్లోకి వెళ్ళిందా లేదా, ఆ ఒక్కటీ చెప్పు."

"నువ్వు ఇప్పుడేగా అరిచావు."

"అరిచాను. తప్పే. ఇంక అరవను."

పిల్ల తల్లి ముఖంలోకి చూసింది. నమ్మాలా వద్దా అని తూచుకున్నట్టు చాలాసేపు చూసింది. ఒక్కో క్షణమూ పోతోందని తెలిసినా తల్లి కదల్లేదు, తొందరపెట్టలేదు.

"వాడు నాలిక మీద పెట్టుకున్నాడు. నేను తీసేద్దామని వేలు పెట్టాను. నవ్వాడు. తర్వాత... లేదు."

"ఎప్పుడు?"

"నాకు టైము చూడటం రాదుగా అమ్మా."

ఊళ్ళో గడియారాలన్నీ బాగుచేసే మనిషి కూతురికి టైము చూడటం నేర్పలేదు. ఆ సిగ్గుని తరవాతికి వాయిదా వేసి, "అప్పుడు నీకేం వినబడుతోంది?" అని అడిగింది.

"డోలు. పాటలవాళ్ళు."

డోలు మోగినప్పుడు ఆవిడ గోడ గడియారానికి టైము పెడుతోంది. తొమ్మిదీ నలభై. అంటే యాభై అయిదు నిమిషాలు అయిపోయాయి.

అంబులెన్సుకి ఫోను చేస్తే రోడ్లు కిక్కిరిసి ఉన్నాయి, నలభై నిమిషాలు పడుతుందన్నారు. బస్సు నడిపేటప్పుడు మొగుడు ఫోను తియ్యడు. వెలుగుతున్న కొవ్వొత్తుల్లోంచి ఒకటి లాగి, దాంట్లో బిళ్ళ తీసి గుప్పిట్లో పెట్టుకుంది. పిల్లనీ పిల్లాణ్ణీ తీసుకుని మెట్లు దిగింది. కింద బేకరీ ఆయన వ్యానులోకి కేకుల అట్టపెట్టెలు ఎక్కిస్తున్నాడు.

"అన్నయ్యా, వీడు బ్యాటరీ మింగాడు. పెద్దాసుపత్రికి..."

ఆయన చేతిలో పెట్టె అక్కడే మెట్టు మీద పెట్టేశాడు. "ఎక్కమ్మా."

వసపిట్ట వెనక పెట్టెల మధ్య కూర్చుంది. మలుపు తిరిగినప్పుడల్లా పెట్టెలు జారి ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. బజారు దగ్గర బళ్ళన్నీ ఆగిపోయి ఉన్నాయి. బేకరీ ఆయన హారను మీద చెయ్యి తియ్యకుండా వ్యానుని పక్క సందులోకి తిప్పాడు. ధడాలున చప్పుడైంది.

"కేకులు పడిపోతున్నాయి మామయ్యా!" వెనకనుంచి పిల్ల ఏడుపు గొంతు.

"పడనీ తల్లీ. పిండి ఉంది, నేనూ ఉన్నాను, మళ్ళీ చేసుకుందాం."

తల్లి ఒళ్ళో బుడంకాయ ఉమ్ము మింగలేక నోరు తెరిచి ఉంచాడు. కళ్ళు మాత్రం అద్దం మీద ఊగే బొమ్మని చూస్తున్నాయి.

ఆసుపత్రిలో జాతర. వరస తప్పించుకుని లోపలికి చొరబడితే చిన్న డాక్టరు ఒకాయన విసుగ్గా తలెత్తాడు.

"బ్యాటరీ అయితే కంగారు పడకండమ్మా. చాలామంది మింగుతారు, మర్నాటికి బయటికి వచ్చేస్తుంది. వరసలో కూర్చోండి, ఎక్స్‌రే తీయిద్దాం."

ఆవిడ గుప్పిట విప్పి, బిళ్ళని బల్ల మీద ఆయన ముందు పెట్టింది.

"మీరు చెప్పేది వాచీ బ్యాటరీ గురించి బాబూ. వీడు మింగింది ఇది. అచ్చం ఇదే. వీడి గొంతు ఎంతుంటుందో మీరే చెప్పండి."

ఆయన బిళ్ళనీ, చొంగ కారుతున్న పిల్లాణ్ణీ చూశాడు. కుర్చీలోంచి లేచాడు.

ఎక్స్‌రే తెర మీద పిల్లాడి మెడ కింద, ఛాతీ మొదట్లో తెల్లటి గుండ్రం. "నాణెంలా ఉందే, ఆ కంగారులో మీరే పొరబడ్డారేమో" అన్నాడు ఎక్స్‌రే తీసినతను.

"నాణేనికి ఒకటే అంచు. దీనికి లోపల ఇంకో గీత ఉంది చూడండి. కింద డబ్బా, పైన మూత, మధ్యలో సందు. రోజూ నా చేతుల్లో తిరిగేదే, నాకు తెలీదా?"

చిన్న డాక్టరు తెర దగ్గరికి వంగాడు. ఫోను అందుకున్నాడు. అయిదు నిమిషాల్లో జుట్టు నెరిసిన పెద్ద డాక్టరమ్మ వచ్చింది. నర్సు చిన్న చెంచాతో తేనె నాకించింది, అది లోపల కాలడాన్ని కాస్త నెమ్మది చేస్తుందట. కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. పిల్లాణ్ణి తీసుకుపోయేటప్పుడు వాడు అమ్మ గాజుని వదల్లేదు. గాజే తీసి ఇచ్చేసింది. టైము పదకొండూ ముప్పై ఎనిమిది.

మొగుడు యూనిఫాంలోనే పరిగెత్తుకొచ్చాడు. డిపోలో కబురందిందట. బెంచీకి ఈ చివర భార్య, ఆ చివర కూతురు, మధ్యలో నలుగురు కూర్చునేంత ఖాళీ.

"ఎలా జరిగింది?"

"నేను పనిలో ఉన్నాను. చూసుకోలేదు" అంది ఆవిడ.

"కాదు నాన్నా." గోడ వైపు తిరిగి ఉన్న వసపిట్ట గొంతు సన్నగా వచ్చింది. "మూత నేనే తీశాను. మంట ఎక్కడుందో చూద్దామని. అమ్మకి చెప్పలేదు."

ఆయన ముఖం ఎర్రబడింది. ఎప్పుడూ కేక వెయ్యని మనిషి కేకేశాడు. "గంట సేపా? తమ్ముడు అలా ఉంటే చెప్పడానికి గంట పట్టిందా నీకు?"

"పట్టింది" అంది గడియారాలమ్మ. "ఎందుకు పట్టిందో దాన్ని కాదు, నన్నడుగు."

ఆయన మధ్యలో ఖాళీలో కూలబడి టోపీ ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపటికి కూతుర్ని దగ్గరికి లాక్కున్నాడు. పిల్ల కర్రలా బిగుసుకునే కూర్చుంది.

నలభై నిమిషాల తర్వాత డాక్టరమ్మ స్టీలు గిన్నెతో బయటికి వచ్చింది. గిన్నెలో బిళ్ళ ఒక పక్క బొగ్గులా నల్లబడి ఉంది.

"తీసేశాం. ఒకవైపు కాలింది, చిల్లు మాత్రం పడలేదు. ఇంకో గంట ఆగి ఉంటే నేనేం చెప్పేదాన్నో నాకే తెలీదు. కాని ఇప్పుడే సంబరపడకండి. కాలినచోట లోపల ఇంకా దెబ్బ తినొచ్చు. రక్తం పడుతుందేమో ఈ పది రోజులూ కనిపెట్టి చూడాలి. నోట్లోకి చుక్క నీరు కూడా వద్దు, ఆహారమంతా ముక్కులో గొట్టంతోనే."

ఆ పది రోజుల్లో పండగ వచ్చి వెళ్ళింది. వార్డులో నర్సులు కాగితం నక్షత్రాలు కట్టారు. ముక్కులో గొట్టంతో బుడంకాయ "పాలు, పాలు" అని గొంతు రాక గాలితోనే ఏడ్చాడు. గొట్టం పీకకుండా ఎవరో ఒకరు వాడి రెండు చేతులూ పట్టుకునే ఉండాలి. బేకరీ ఆయన పండగ పొద్దున కేకు పట్టుకొస్తే, వాడి కంట పడకుండా మెట్ల మీద ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి తినొచ్చారు. గడియారాలమ్మకి ముక్క గొంతు దిగలేదు. వాడు దగ్గినప్పుడల్లా దిండు గుడ్డ మీద ఎరుపు కోసం వెతికింది. వసపిట్ట ఎవరైనా అడిగితే తప్ప మాట్లాడలేదు.

అయిదో రోజున తల్లి తన చేతి గడియారం విప్పి పిల్ల చేతికి పెట్టింది. "చిన్న ముల్లు గంటలు, పెద్ద ముల్లు నిమిషాలు. రా, కూర్చో." తమ్ముడి చేతులు చెరొకటీ పట్టుకుని, ఆ పాఠం మూడు రోజులు నడిచింది.

పదకొండో రోజు డాక్టరమ్మ గొట్టం తీయించి, చెంచాతో నీళ్ళు పట్టించింది. బుడంకాయ నోట్లో ఉంచుకున్నాడు. వాడి మెడ కదిలింది. నీళ్ళు దిగాయి. ఇంకా కావాలని నోరు తెరిచాడు.

అంతటితో అయిపోలేదు. ఆ గొంతు రెండుసార్లు సన్నబడితే రెండుసార్లూ ఆసుపత్రికి తీసుకెళ్ళి వెడల్పు చేయించాల్సి వచ్చింది. ఏడాది పాటు అన్నీ మెత్తగా మెదిపి పెట్టారు. ఇప్పుడు వాడికి అయిదో ఏడు, అందరితో పాటే తింటాడు, కాస్త ఆలస్యంగా.

ఇక ఆవిడ నోరు పూర్తిగా మారిందని చెబితే బజారు వీధిలో ఎవరూ నమ్మరు. ఆ తర్వాతి వానాకాలంలో ఒక సాయంత్రం వసపిట్ట బడి నుంచి తిన్నగా కొట్టుకొచ్చి, "అమ్మా, కొత్త గొడుగు పోగొట్టాను" అని తానే చెప్పింది. గడియారాలమ్మ నోరు తెరిచింది. తెరిచిన నోరు మూసుకుని, కొట్టులోంచి బయటికి వెళ్ళి చూరు కింద రెండు నిమిషాలు నిలబడింది. తిరిగొచ్చి భూతద్దం బల్ల మీద పెట్టింది.

"ఎక్కడెక్కడ తిరిగావో చెప్పు. వెతుకుదాం పద."

బడి దాకా వెతికినా గొడుగు దొరకలేదు. ఇద్దరూ తడుస్తూనే ఇంటికి వెళ్ళారు.