పక్కవాళ్ల రాయి

నా చిన్నప్పుడు జగ్గయ్యపేటలో మా వీధికీ, వెనక ఉన్న పేటకీ కలిపి ఒకటే కుళాయి ఉండేది. అది ఆ రెండూ కలిసే మూల మీద, మురుక్కాలవ గోడని ఆనుకుని ఉండేది. తెల్లవారుజామున ఐదింటికి బుసబుసమని గాలి వదిలి, ఆ తర్వాత నీళ్లు వదిలేది. ఆరుంబావు అయ్యేసరికి సన్నగిల్లిపోయేది. ఆ గంటంబావులోనే పదమూడు ఇళ్ల వాళ్లు తలా నాలుగు బిందెలు పట్టుకోవాలి. ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లూ, శనివారం గుడికి వెళ్లేవాళ్లూ, ఎక్కడికీ వెళ్లకుండా పడుకునేవాళ్లూ అందరికీ అదే దిక్కు.

అక్కడ వరుసలో మనుషులు నిలబడేవాళ్లు కాదు, రాళ్లు నిలబడేవి. సాయంత్రం నాలుగు దాటాక ఇంటికొక రాయి తెచ్చి గోడవార వరుసగా పెట్టేవాళ్లు. ఎవరి రాయి ఎన్నో చోట ఉంటే మర్నాడు పొద్దున వాళ్లది అన్నో వంతు. రాళ్లంటే అన్నీ రాళ్లే కావు. విరిగిన రోకలి ముక్కా, అడుగుపోయిన కుండా కూడా ఉండేవి. మాది సగం విరిగిన ఇటుక. ఏ ముక్క ఎవరిదో వీధిలో చిన్నపిల్లలు కూడా చెప్పేవాళ్లు. ఎవరూ రాసిపెట్టని ఆ చట్టాన్ని ఎవరూ అడగకుండానే చూసుకునేది మా పక్కింటి అత్తయ్య. బళ్లో ఆయాగా పనిచేసేది. నీళ్లు ఆగిపోయాక కుళాయి చుట్టూ ఊడ్చేది కూడా ఆవిడే.

ఆ ఏడు మా తమ్ముడు పుట్టి పదిహేను రోజులైంది. అమ్మ ఇంకా మంచం దిగలేదు కాబట్టి నీళ్ల పని నా నెత్తిన పడింది. నేనప్పుడు ఆరో తరగతి. బిందె నడుమున పెట్టుకుంటే బిందె నన్ను మోస్తోందో నేను బిందెను మోస్తున్నానో తెలియనంత బక్కగా ఉండేదాన్ని. సరిగ్గా అప్పుడే నందిగామలో బడిపిల్లలకు ఉపన్యాసాల పోటీ పెట్టారు. నాన్న బడిపంతులు. ఆయన రాసిచ్చిన ఉపన్యాసాన్ని నేను వారం రోజులు గోడలకూ గేదెకూ అప్పజెప్పి కంఠతా పట్టాను. విషయం ఏమిటో చెబితే ఇప్పటికీ మా పిల్లలు నవ్వుతారు: మంచి పౌరుడి లక్షణాలు.

బస్సు ఆరున్నరకి. నీళ్లు పట్టి ఇచ్చాకే నందిగామ అని అమ్మ ముందే చెప్పేసింది. ఆ ముందురోజు సాయంత్రం నేను ఉపన్యాసం అప్పజెప్పుకుంటూ రాయి సంగతి మరిచిపోయాను. గుర్తొచ్చి పరిగెత్తేసరికి పొద్దు వాలింది. పన్నెండు రాళ్లు అప్పటికే వరుసలో ఉన్నాయి. పదమూడో వంతంటే ఆరు దాటుతుంది. నాలుగు బిందెలు మోసి, జడ వేసుకుని, బస్సు అందుకోవడం జరిగే పని కాదు.

మూడో చోట వెడల్పాటి నాపరాయి పలక ఉంది. అది పేటలో ఉండే, నేను పిన్నీ అని పిలిచే ఆవిడది. పిన్ని మిరపకాయల కోతకి కూలీల ముఠాతో వెళ్లేది. వత్సవాయి వైపు పొలాలకి ట్రాక్టరు మా మూల మీదనుంచే ఆరు కాకముందే బయల్దేరేది. అందుకని ఆవిడ అత్తగారు నాలుగు కొట్టగానే ఆ పలక తెచ్చి ముందు వరుసలో పెట్టేది. ముసలావిడకి చూపు తక్కువ. గోడ తడుముకుంటూ వచ్చి, రాళ్లు లెక్కపెట్టుకుంటూ పెట్టి వెళ్లేది. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా, అందరూ పొయ్యిల దగ్గర ఉన్న ఆ వేళ, ఆ పలకను తీసుకెళ్లి చివర పెట్టి, నా సగం ఇటుకను మూడో చోట పెట్టాను. ఒక్కరోజుకి ఏమవుతుందిలే, నీళ్లయితే అందరికీ వస్తాయిగా అనుకున్నాను.

పొద్దున పిన్ని వచ్చి మూడో చోట మా ఇటుక చూసి, వరుసంతా వెతుక్కుని, చివర తన పలక దగ్గర ఆగిపోయింది. ఎవరో అడిగితే, "మా అత్తకి చూపానట్లేదు కదండీ, ఎక్కడ పెట్టిందో ఏంటో" అంది. నేను తల వంచుకుని నాలుగు బిందెలూ పట్టేశాను. ఆవిడ వైపు చూడలేదు. చూస్తే నా మొహం చెప్పేస్తుందని భయం.

నందిగామలో బాగా మాట్లాడాను. మంచి పౌరుడు తన వంతు కోసం ఓపికగా వేచి ఉంటాడు అన్న వాక్యం దగ్గర నా గొంతు కొంచెం తడబడిందని నాన్న అన్నారు. అయినా రెండో బహుమతి వచ్చింది. స్టీలు గ్లాసు. దాన్ని ఒళ్లో పెట్టుకుని కీసర దగ్గర ఏటి వంక చూస్తూ కూర్చున్నానని చెప్పాలనుంది గానీ, కీసర నందిగామకి అటువైపు, మా బస్సు వచ్చేది ఇటువైపు. కళ్లు మూసుకుని కూర్చున్నాను, అంతే.

బస్సు దిగి ఇంటికి వస్తుంటే అత్తయ్య కుళాయి దగ్గరనుంచి పిలిచింది. గోడవార మూడో చోట ఒక గంప బోర్లించి ఉంది. ఆవిడ గంప ఎత్తింది. కుళాయి దగ్గర నేల ఎప్పుడూ తడే. ఆ బురదలో వెడల్పాటి పలక అచ్చు నాలుగు మూలలతో దిగి ఉంది. దాని మధ్యలో మా సగం ఇటుక అచ్చు చిన్నగా ఉంది. పొద్దున ఊడుస్తూ చూసిందట. ఎండకి ఆరిపోకుండా, ఎవరూ తొక్కకుండా రోజంతా గంప కప్పి ఉంచింది.

"ఆ చివరున్న పలక తెచ్చి ఇందులో పెట్టవే" అంది.

తెచ్చి పెట్టాను. సరిగ్గా సరిపోయింది. ఏడుపు తన్నుకొచ్చింది. అత్తయ్య తిట్టలేదు, ఓదార్చనూ లేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ పొద్దున నేను వెళ్లాక జరిగింది చెప్పింది. పిన్ని వంతు రాకముందే ట్రాక్టరు హారన్ కొట్టింది. ఇంట్లో చుక్క నీళ్లు లేవు, ముసలావిడ మోయలేదు, వదిలేసి వెళ్లడానికి లేదు. ట్రాక్టరు వెళ్లిపోయింది. ముఠా మేస్త్రి ఆవిడ స్థానంలో ఇంకొకరిని ఎక్కించుకున్నాడు. టైముకి రాని మనిషి నాకు అక్కర్లేదు, ఇక రావద్దని కబురు కూడా పంపాడు. ఆ చేనులో కోత ఇంకా పదిహేను రోజులుంది. ఆ ఇంటికి ఆ కోతే ఆధారం.

"నీ సంగతి నేను ఎవరికీ చెప్పనులే" అంది అత్తయ్య. "మీ అమ్మక్కూడా చెప్పను. కానీ జరిగిందేంటో తెలియకపోతే మేస్త్రి ఆమెని ఎక్కించుకోడు. ఏం చేద్దామంటావ్?"

పెద్దవాళ్లు నన్ను అలా అడగడం అదే మొదటిసారి. కొడితే బాగుండేదనిపించింది. ఆవిడ మాత్రం నేను చెప్పేదాకా కదలనన్నట్టు గోడకి ఆనుకుని నిలబడింది. కళ్లు తుడుచుకుని, "నేనే చెప్తా అత్తయ్యా, నువ్వు నా పక్కన ఉండు" అన్నాను.

మర్నాడు ట్రాక్టరు దగ్గరికి వెళ్లాం. అత్తయ్య దారిలో పిన్నిని కూడా పిలుచుకొచ్చింది, ఎందుకో చెప్పలేదు. ట్రక్కులో ఇరవైమంది ఆడవాళ్లు, తలలకి గుడ్డలు చుట్టుకుని కూర్చుని ఉన్నారు. అత్తయ్య కొంగు పట్టుకునే మేస్త్రి ముందుకి నడిచాను. రాయి మార్చింది నేనేనని, పిన్ని ఆలస్యం నా వల్లేనని చెప్పాను. మేస్త్రి నన్ను ఎగాదిగా చూసి, "నిన్న నందిగామలో ప్రైజు కొట్టుకొచ్చింది ఈ పిల్లేనా?" అన్నాడు. ట్రక్కులో నవ్వులు. నవ్వు సద్దుమణిగాక, "ఎక్కమ్మా, కాయ బాగా పండి ఉంది, ఒక మనిషి ఎక్కువైతే మంచిదేలే" అన్నాడు పిన్నితో.

పిన్ని ట్రక్కు ఎక్కి, నా వైపు తిరిగింది. తిడుతుందని తల దించుకున్నాను. తిట్టలేదు. "ముందు మా అత్త దగ్గరికెళ్లి చెప్పమ్మా. తప్పు తనదేననుకుని నిన్న పొద్దుట్నుంచి కళ్లు నలుపుకుంటా కూర్చుంది" అంది.

నిన్న పిన్ని చేత ఆ ముసలావిడ తిట్లు కూడా తిన్నదట. ఆ సంగతి నాకు తట్టనే లేదు. నేను దొంగిలించింది ఒక చోటు మాత్రమే అనుకున్నాను. ఒక మనిషికి తన చూపు మీద మిగిలిన కాస్త నమ్మకం కూడా పట్టుకుపోయానని అప్పుడు తెలిసి, ట్రాక్టరు వెళ్లిన దుమ్ములో నిలబడి సిగ్గుతో చచ్చిపోయాను. పేటలోకి ఒక్కదాన్నే వెళ్లి ఆవిడకి అంతా చెప్పాను. ఆవిడ నా చేయి పట్టుకుని నోరంతా తెరిచి నవ్వింది.

"అయితే నేను మూడో చోటే పెట్టానన్నమాట! చెప్పానా, నా లెక్క తప్పదని!"

ఆ సాయంత్రం నాలుగింటికి అందరూ రాళ్లతో వచ్చినప్పుడు అత్తయ్య కొత్త పద్ధతి చెప్పింది. ఇకనుంచి ఎవరి రాయి వాళ్లు ముట్టుకోకూడదు. ప్రతి ఇంటివాళ్లూ ఇంకొక ఇంటివాళ్ల రాయి పెట్టాలి. మా ఇటుక తీసి పిన్ని అత్తగారి చేతిలో పెట్టింది. వాళ్ల పలక తీసి నా చేతిలో పెట్టింది. మిగతా జతలు కూడా ఆవిడే కలిపింది, కావాలనే కలిపిందని నా అనుమానం. మా వీధి చివర మడికట్టుకునే మామ్మగారికి పేటలోవాళ్ల పగిలిన కుండ ఇచ్చింది.

"వాళ్ల కుండ నేను ముట్టుకోవడమేంటే?" అంది మామ్మగారు.

"మీ రాయి వాళ్లు ముట్టుకుంటున్నారుగా మామ్మగారూ, చెల్లుకి చెల్లు" అంది అత్తయ్య. తర్వాత అందరివైపూ తిరిగి, "మన రాయి మన చేతిలో ఉంటే ముందుకి జరపబుద్ధవుద్ది. పక్కవాళ్లది చేతిలో ఉంటే జాగ్రత్తగా పెట్టబుద్ధవుద్ది. చూద్దాం నాలుగు రోజులు" అంది.

గొణుగుళ్లు చాలానే వినిపించాయి. మామ్మగారు మొదట్లో ఆ కుండను రెండు వేళ్లతో చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు పట్టుకొచ్చేది. ఎండాకాలం వచ్చేసరికి చంకలో పెట్టుకొచ్చేది. ఒకరోజు ఆ కుండవాళ్లు పొద్దున రాకపోతే, "ఆ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదేమో చూడండర్రా" అని కేకలేసింది కూడా. అంటుముట్టు పట్టింపులు అంతటితో మాయమైపోయాయని చెప్పను, పోలేదు. కానీ ఆ గోడవార మాత్రం ఎవరి రాయి ఎవరు ముట్టుకున్నారని అడిగేవాళ్లు లేకుండా పోయారు.

నేను బడినుంచి వస్తూనే పుస్తకాల సంచీ అరుగుమీద పడేసి పిన్ని పలక పట్టుకుని పరిగెత్తేదాన్ని. నా రాయికి ఎప్పుడూ అంత తొందరపడింది లేదు. ఏడో తరగతి పరీక్షలప్పుడు మాత్రం చదువులో పడి రెండు రోజులు ఆలస్యం చేశాను. పరిగెత్తి వెళ్లి చూస్తే మా ఇటుక మొదటి చోట ఉంది. దాని పక్కన ఖాళీ ఉంది, ఆ ఖాళీలో ముసలావిడ కూర్చుని ఉంది. "నీకు పరీక్షలంటగా. మా పలక తెచ్చి ఇక్కడ పెట్టు, నీకోసమే కూర్చున్నా" అంది. మీ పలక మీరే పెట్టుకోవచ్చు కదా అంటే, "నాది నేను ముట్టుకోకూడదుగా" అంది. పరీక్షలయ్యేదాకా ఆవిడ అలాగే కూర్చుంది.

తర్వాత చాలా ఏళ్లకి ఇంటింటికీ కుళాయిలొచ్చాయి. రోడ్డు వెడల్పు చేస్తూ మూలమీది కుళాయి తీసేశారు. అప్పటికి నేను ఉద్యోగం చేస్తూ నందిగామలో ఉంటున్నాను. కబురు తెలిసి, అత్తయ్య లేని ఆ వీధికి వెళ్లాను. రాళ్లన్నీ ఒక పక్కకి తోసేసి ఉన్నాయి. పిన్ని పలక దొరికింది, తీసుకున్నాను. మా ఇటుక కోసం ఎంత వెతికినా కనిపించలేదు. సరే, సగం ఇటుకేగా, ఏ గోడలోనో కలిసిపోయుంటుందిలే అనుకుని, పలక ఇద్దామని పిన్ని ఇంటికి వెళ్లాను.

పిన్నికి అప్పటికి జుట్టంతా నెరిసింది. వాకిట్లో బంతిమొక్క మొదట్లో మా సగం ఇటుక ఉంది. కుళాయి పీకేస్తున్నారని తెలియగానే వెళ్లి తెచ్చుకుందట.

"నీ రాయి చూడాల్సింది నేనేగా" అంది. నేను పలక ఇవ్వబోతే, వద్దని నా చేయి వెనక్కి నెట్టింది.

ఇప్పుడు నాకు డెబ్బై దగ్గరపడుతోంది. ఆసుపత్రి చీటీల దగ్గర, బ్యాంకులో, రేషను కొట్లో వరుస తప్పించి ముందుకొచ్చేవాళ్లని చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నోరు తెరిచి అడుగుతాను కూడా. అడిగే ముందు మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి, నా వెనక ఎవరున్నారో, వాళ్లకేం తొందరుందో చూస్తాను. అలా చూడటం నేర్పింది అత్తయ్య. నాకు అబ్బిన మర్యాదల్లో చాలా వాటికి మొదలు ఆవిడ బోర్లించిన ఆ గంప కింద ఉంది.

పలక మా గుమ్మం పక్కన ఉంది. చెప్పులు దాని మీద విడవద్దంటే పిల్లలు ఎందుకని అడుగుతారు. అది మనది కాదురా, ఒకళ్లు నన్ను నమ్మి నా చేతిలో పెట్టింది అని చెబుతాను.