రెండో మందు పడనిదే చేప ఇవ్వని యాకూబ్ భాయ్

తల్లాడలో రంగు చేపల దుకాణం నడిపిన యాకూబ్ భాయ్ ఇక లేరు. పోయిన నెల ఆఖరి శుక్రవారం ఉదయపు నమాజు చేసి వచ్చి, దుకాణం ముందు కుర్చీలో కూర్చొని, అలాగే ఒరిగిపోయారు. పక్క దుకాణంలో కుట్టుమిషన్ మీద ఉన్న నేను ఆయన కునుకు తీస్తున్నారనుకున్నాను. ఎదురుగా పెట్టిన టీ మీగడ కట్టిన తర్వాత గానీ నాకు అనుమానం రాలేదు. ఇన్నేళ్ళ సహవాసం ఒక గ్లాసు టీ చల్లారే వ్యవధిలో ముగిసిపోయిందంటే మనసు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

ఈ వ్యాసం రాయడానికి ఒక కారణం ఉంది. ఆయన అంతిమయాత్రకు, జనాజాకు వచ్చినవాళ్ళలో ఇద్దరు నా వెనక నిలబడి మాట్లాడుకున్నారు. "మంచోడే గని, అప్పట్ల నెలదినాలు దుకానం బంద్ పెట్టి యాడికో పోయిండు సూడు, ఏదో కేసుల ఇరికిండట" అన్నాడొకడు. "అవ్, నేను గూడ ఇన్న" అన్నాడు రెండోవాడు. ఆ నెల రోజులు ఆయన ఎక్కడ తిరిగారో నాకు తెలుసు. తెలిసినవాడు రాయకపోతే విన్నదే చరిత్ర అయిపోతుంది.

యాకూబ్ భాయ్ దుకాణానికి అప్పట్లో పేరు తెచ్చింది ఆయన వేసే మేత. తెల్లవారకముందే వైరా కాలువ కింది కుంటకు వెళ్ళి, పలచటి గుడ్డతో చేసిన వలతో, చుక్కల్లా కదిలే సన్నటి నీటి పురుగులను పట్టి తెచ్చేవారు. దాన్ని 'జిందా ఖానా', అంటే ప్రాణమున్న మేత, అనేవారు. అది తిన్న గప్పీ, మోలీ చేపలు నిగనిగలాడేవి. ఖమ్మం నుంచి కూడా కొనడానికి వచ్చేవారు.

అలాంటి రోజుల్లో చండ్రుగొండ అవతల అడవి అంచున ఉన్న ఆశ్రమ పాఠశాల వార్డెన్ రాములు సార్ ఒకనాడు బస్సు దిగి నేరుగా దుకాణానికి వచ్చారు. అంతకుముందు పిల్లల కోసం ఒక తొట్టి, దాని నిండా చేపలు ఆయన ఇక్కడే కొన్నారు.

"భాయ్, నువ్వు చేపలమ్మినవా, పురుగులమ్మినవా? ఎన్క నుంచి ఎర్ర దారాలు ఏలాడుతున్నయ్. పిల్లలకు అన్నం కాడ గూడ గదే ముచ్చట."

"నీళ్ళు మార్చిండ్రా సార్?"

"మార్చినం. నీళ్ళు మారినయ్, దారాలు గట్లనే ఉన్నయ్."

ఆయన వెళ్ళాక యాకూబ్ భాయ్ తన తొట్లలో ఒక్కొక్కదాని ముందు కూర్చొని, చేపలు కదలకుండా నిలిచేదాకా చూశారు. తన చేపలకూ ఉన్నాయి ఆ దారాలు. పొట్టలు లోపలికి పోయినవి కూడా కనిపించాయి. నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగారు: "మాస్టర్, నీ లైబ్రరీల చేపల రోగాల పుస్తకం ఉంటదా?"

నేను పదో తరగతితో బడి మానినవాణ్ణి. మిగతా చదువంతా గుడ్డ కొనడానికి ఖమ్మం వెళ్ళినప్పుడు, తిరుగు బస్సుకు ముందు దొరికిన వేళల్లో, గ్రంథాలయంలో సంపాదించుకున్నదే. నిఘంటువు పక్కన పెట్టుకొని ఇంగ్లిషు పుస్తకం చదవగలనని గర్వంగానే చెబుతాను. ఆసారి వెళ్ళినప్పుడు పుస్తకం దొరికింది, రోగమూ దొరికింది. ఆ ఎర్ర పురుగు చేప పేగు గోడను పట్టుకొని రక్తం పీలుస్తుంది. దాని పిల్లలను సైక్లాప్స్ అనే సన్నటి నీటి పురుగు మింగుతుంది. ఆ నీటి పురుగును చేప తింటే రోగం చేపకు చేరుతుంది. అంటే కాలువ కుంట నుంచి వలలో వస్తున్నది మేత ఒక్కటే కాదు.

నేను ఈ మాట చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది. "ఇన్నేండ్ల సంది గీ ఖానానే పెడుతున్న. నా ఖానా మీద మాట పడనియ్య. నువ్వు గుడ్డ కొలుస్కో మాస్టర్, చేపల సంగతి నాకిడిసిపెట్టు" అన్నారు.

గడపలో బియ్యం ఏరుతున్న ఆయన తల్లి ఫాతిమాబీ తలెత్తారు. ఆమె పుట్టిల్లు పాలమూరు వైపు. "ఏంది లొల్లి?" అంటే మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఆమె చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి జరిపి, చీలమండ పైన ఉన్న పాత మచ్చ చూపించారు. నారి కురుపు మచ్చ అది.

"మా ఊరి దిగుడు బావి నీళ్ళల్ల పురుగున్నది, గుడ్డల వడగట్టుకోండ్రి అని సర్కారోళ్ళు చెప్తే మేమంత నవ్వినం. కాలుల నుంచి మూరెడు నారి ఎల్లినంక నమ్మినం. నువ్వు యాడిదాక ఆగుతవ్ బేటా?"

నారి కురుపు కూడా సైక్లాప్స్ ద్వారానే మనిషికి వస్తుందని నేను అంతకుముందే చదివి ఉన్నాను. కానీ ఆ రోజు నా చదువు అక్కరకు రాలేదు, ఆ మచ్చే అక్కరకు వచ్చింది. యాకూబ్ భాయ్ మేకునున్న వలను తీసి మడిచి లోపల పెట్టారు. ఆ కుంటకు మళ్ళీ వెళ్ళలేదు.

మరునాడు దుకాణం మూశారు. జబ్బు సంగతి బోర్డు మీద రాసి పెడితే సరిపోతుంది కదా అన్నాను. "బోర్డు పెడితే చదివినోళ్ళు నవ్వుతరు, చదవనోళ్ళ చేపలు సస్తయ్. ఇంటికి పోయి చెప్తే నాకు సిగ్గు, చేపకు మందు. గదే నయం" అన్నారు. ఆ నెల రోజులూ ఆయన తిరిగింది తన చేపలు కొన్నవాళ్ళ ఇళ్ళు. ప్రతి గుమ్మంలోనూ, "నా మేతతోటే మీ చేపలకు రోగమొచ్చింది" అని చెప్పాకనే లోపలికి అడుగుపెట్టేవారు. కొందరు తిట్టారు. ఒకాయన తలుపు వేసుకుంటే, అరుగు మీద కూర్చొని తీసేదాకా ఉన్నారు.

మందు మేకలకు పురుగులు పోవడానికి వాడేదే. తొట్టి నీళ్ళకు ఎంత వేయాలో పశువుల డాక్టరమ్మ లెక్క కట్టి ఇచ్చారు. వెలుతురు తగిలితే ఆ మందు పని తగ్గుతుంది. అందుకని నేను నల్ల లైనింగ్ గుడ్డతో ముసుగులు కుట్టి ఇచ్చాను. ముసుగు కింద ఒక పగలూ రాత్రీ గడిచేసరికి పురుగులు చచ్చుబడి పట్టు వదిలి కింద పడతాయి. అప్పుడు పైపుతో అడుగంతా లాగేసి కొత్త నీళ్ళు పోయాలి. మొదటి మందుకు దొరకని పిల్ల పురుగుల కోసం మూడు వారాలకు మళ్ళీ వేయాలి. చాలామంది మొదటి మందుకే చేప తేరుకుంది కదా అని ఆపేస్తారు. యాకూబ్ భాయ్ ఆపనివ్వలేదు. "చేప ఈదుతున్నదని సంబురపడకు. లోపల ఉన్నది మనకు కనవడదు" అనేవారు.

ఆశ్రమ పాఠశాలకు నేనూ వెంట వెళ్ళాను. తొట్టికి ముసుగు వేయగానే ఒక చిన్నపిల్ల కోయ భాషలో ఏదో అడిగింది. చేపలకు రాత్రి అయిందా అని అడుగుతోందని రాములు సార్ నవ్వుతూ చెప్పారు. యాకూబ్ భాయ్ నవ్వలేదు. "అవ్ బిడ్డా, వాటికి రాత్రే. లేపకుండ్రి" అన్నారు. మర్నాడు మేం బయలుదేరేదాకా ఆ గదిలో పిల్లలు గుసగుసగానే మాట్లాడుకున్నారు. కొన్ని మోలీలు దక్కలేదు. మిగిలినవి బతికాయి.

అప్పటి నుంచి రెండో మందు పడనిదే ఏ చేపా ఆయన దుకాణం దాటలేదు. బక్కచిక్కిన ప్రతి చేపకూ అదే మందు వేసేవారు కాదు. తెల్లటి జిగట దారంలా విసర్జిస్తే అది వేరే క్రిమి, దానికి మేతలో కలిపే మందు వేరు. "చేప నోటితోటి చెప్పదు మాస్టర్, దొడ్డికి పోయినప్పుడు చెప్తది" అని నవ్వేవారు. పేరు పోతుందని భయపడి చేసిన పని కాదది, అయినా పోయిన పేరు దానితోనే రెట్టింపై తిరిగి వచ్చింది.

ఆయన పోయిన రోజు దుకాణంలో తొట్లన్నీ నల్ల ముసుగుల్లో ఉన్నాయి. చూసినవాళ్ళు సంతాప సూచకంగా కప్పారనుకున్నారు. కాదు. ముందురోజు సాయంత్రం కొత్తగా వచ్చిన చేపలకు ఆయనే మొదటి మందు వేసి కప్పారు. మధ్యాహ్నం ఖననం అయింది. సాయంత్రం ఆయన కూతురు షహనాజ్, ఏడ్చి వాచిన కళ్ళతోనే వచ్చి, "మాస్టర్ చాచా, పైపు యాడ పెట్టిండు అబ్బాజాన్?" అని అడిగింది. ముసుగులు తీసి, ఒక్కో తొట్టి అడుగు లాగింది. నేను బక్కెట్లు మోశాను.

వారం తిరగకముందే ఖమ్మంలో కొత్త దుకాణం తెరుస్తున్న ఒకాయన ఆ చేపల కోసం వచ్చారు. "మీ నాయనకు ముందే చెప్పుకున్న బిడ్డా, జల్దీ కావాలె."

"రెండో మందు పడలే అంకుల్. పడినంకనే."

"ఆయనే లేడు గదమ్మా, ఇంక గివన్ని ఎవరు చూస్తరు?"

"నేను చూస్తున్న గదా" అంది షహనాజ్.

ఈ వ్యాసానికి సాయపడినవారిని తలచుకోవడం నా విధి. ఆనాడు మందు లెక్క కట్టిన డాక్టర్ శ్రీలత గారికి, గ్రంథాలయంలో బీరువా తీసి పుస్తకం చేతిలో పెట్టిన సుజాతమ్మ గారికి, పాత సంగతులు గుర్తుచేసిన రాములు సార్‌కు, కొడుకు పోయిన దుఃఖంలోనూ తన కాలి మచ్చ సంగతి రాయమని చెప్పిన ఫాతిమాబీ గారికి నా నమస్కారాలు. చివరగా షహనాజ్‌కు. యాకూబ్ భాయ్ గుర్తుగా నా దుకాణంలో పెట్టుకుంటానని ఒక జంట గప్పీలు అడిగాను. ఆయన లోటు నాకు ఎవరూ పూడ్చలేరు. కానీ ఆ చేపలు ఇంకా నా చేతికి రాలేదు. మూడు వారాలు అయినాక రమ్మంది.