దించని కవచం

మా మనవరాలు నడిపే ఆటలో నేను మాంత్రికురాలిని. కోర్టులో బెంచి క్లర్కుగా పనిచేసి పదవీ విరమణ పొందిన మనిషికి ఈ వయసులో మంత్రదండం ఎందుకని నవ్వేవారు నవ్వవచ్చు. ఆదివారం మధ్యాహ్నాలు కొవ్వూరులోని మా ఇంటి ముందుగదిలో నలుగురం బల్ల చుట్టూ కూర్చుంటాం. మనవరాలు కథ చెబుతుంది: ఇదిగో అడవి, ఇదిగో రాక్షసుడు. మిగిలిన ముగ్గురం తలా ఒక పాత్ర ధరించి, మా వంతు వచ్చినప్పుడు ఏం చేస్తామో చెప్పి పాచిక వేస్తాం. ఫలితాన్ని పాచికా, నియమమూ కలిసి తేలుస్తాయి. మనవరాలి స్నేహితురాలు కత్తి పట్టిన యోధురాలు. మా మేడ మీద అద్దెకున్న అమ్మాయి వైద్యురాలు.

ఆ అమ్మాయిది ఉప్పాడ. భర్తకు ఊళ్ళు తిరిగే ఉద్యోగం. వారమంతా మేడ మీద మనిషి ఉన్న అలికిడైనా వినిపించేది కాదు. బల్ల దగ్గర మాత్రం ఆమె వైద్యురాలు రాజులను గద్దించేది, గాయపడిన యోధురాలిని “నోర్మూసుకుని మందు తాగు” అనేది. కాలం చేసిన తన నాయనమ్మను తలుచుకుని ఆ పాత్రను అల్లుకున్నానని ఒకసారి చెప్పింది. ఆ మాటతీరు, ఆ విసురు అన్నీ ఆవిడవేనట.

ఆటలో జరిగిన ప్రతి తీర్పునూ నేను రాసిపెడతాను. రాయక తప్పదు. ఆ నియమాల పుస్తకం రాసినవారికి వాక్యం ముగించడం చేతకాదు. మాంత్రికులు వేసే కవచం మంత్రాలను ఆపుతుందని రాసి చేతులు దులుపుకున్నారు. ఎవరి మంత్రాలను? శత్రువువా, మిత్రుడివా? ఇలాంటి వాక్యంతో దస్తావేజు తెస్తే మా ఆఫీసులో గుమ్మం దగ్గరే తిప్పి పంపేవాళ్ళం. ఆశీర్వాదం ముసుగులో ఒక శాపం మా మీదకు వచ్చిన రోజున, కవచానికి మంచీ చెడూ తెలియదనీ, అది అన్నిటినీ ఆపవలసిందేననీ నేనే వాదించి నెగ్గాను. అది రాతలో ఉంది.

ఆ తర్వాత కొంతకాలానికి ఒక యుద్ధంలో విషబాణం తగిలి వైద్యురాలు స్పృహ తప్పింది. రాక్షసుడి నిప్పు ఆమెకు తగలకూడదని నేను కవచం వేశాను. నిప్పు ఆగింది. విషం మాత్రం లోపలే ఉంది. ప్రాణం నిలిపే తాయెత్తు యోధురాలి దగ్గర ఉంది.

“నా వంతు రాగానే తాయెత్తు మంత్రం వేస్తాను. అక్క లేస్తుంది,” అంది యోధురాలి పాత్ర వేసే పిల్ల.

“ఆమె మీద నా కవచం ఉంది. ఏ మంత్రమూ లోపలికి పోదు,” అన్నాను.

“అదేంటి అమ్మమ్మగారూ, మనది మంచి మంత్రం కదండీ.”

మేడ మీది అమ్మాయి అందుకుంది. “దోమతెర దోమల్ని ఆపుద్ది గానీ గాలిని ఆపదు కదండీ పిన్నిగారూ. నాకు కాస్త గాలి తగలనివ్వండి.”

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. “గాలి సరే. తెరలో పడుకున్నవాళ్ళకి మందుబిళ్ళ ఎలా ఇస్తావు? తెర ఎత్తాలి.”

“అయితే ఎత్తండి మరి. తెర మీదేగా.”

ఎత్తడానికి ఒక్క మాట చాలు. ‘దించుతున్నాను’ అంటే కవచం దిగిపోతుంది. అప్పుడు నా వంతే నడుస్తోంది కూడా. నేనేమన్నానంటే, “ముందు నియమం తేలనీయండి. అంతదాకా యథాతథ స్థితి.” పాత తీర్పు తీసి, నిలబడి, మొదటినుంచి చివరిదాకా చదివాను.

మనవరాలు ఓపిగ్గా విన్నది. “సరే. మంచి మంత్రాన్నీ ఆపుతుంది. నువ్వే గెలిచావు. కానీ నీ వంతు అయిపోయింది అమ్మమ్మా.”

“అదేంటి?”

“చేసే పని చెప్పకుండా మాట్లాడుతూ కూర్చుంటే వంతు పోయినట్టే. అదీ నువ్వు పెట్టించిందే.”

విషానికి పాచిక పడింది. వైద్యురాలు చనిపోయింది.

“కోర్టులో తీర్పు వచ్చేసరికి కక్షిదారు పోయినట్టుందండీ,” అంది ఆ అమ్మాయి నవ్వుతూనే. తన పాత్ర వివరాలున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, గ్లాసులు కడిగి, పైకి వెళ్ళిపోయింది.

మరుసటి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. మొదట నాకు మనవరాలి మీద కోపం వచ్చింది, తర్వాత ఆ పుస్తకం రాసినవారి మీద. ఈ రెండూ అయ్యాక కోపపడడానికి ఇంకెవరూ మిగలలేదు. తగాదాలో ఉన్నది నశించకుండా కాపాడడానికే కోర్టు యథాతథ స్థితి విధిస్తుంది. ఉద్యోగమంతా ఆ ఉత్తర్వులు రాసినదాన్ని, నశిస్తున్న మనిషి మీద దాన్ని విధించాను. వాదన నెగ్గాలన్న ధ్యాసలో ఆమె ముఖం వైపు చూడనేలేదు.

మోకాళ్ళు పట్టుకుని మేడ ఎక్కాను. ఆమె బట్టలు మడత పెడుతోంది.

“ఆ తీర్పు తిరగతోడుదాం అమ్మాయ్. పిల్లలు ఒప్పుకున్నారు. మీ నాయనమ్మ లేచి కూర్చుంటుంది.”

“వద్దండి. రాసింది కొట్టేస్తే మీకు నిద్ర పట్టదు.”

“ఎలాగూ పట్టడం లేదు.”

ఆమె చేతిలోని చీర మడత సరిచేసుకుంది. “ఆయ్, నిజమేనండి. కానీ చచ్చినావిడని లేపితే ఆవిడే నన్ను తిడుద్ది. ఊరుకునే మనిషి కాదు.” చీర పక్కన పెట్టి, “ఆదివారం వస్తాన్లెండి,” అంది.

వచ్చింది. కొత్త పాత్ర తెచ్చుకుంది. విలుకత్తె. తక్కువ మాట్లాడే మనిషి. యుద్ధం మొదలుకాగానే, అందరి మీదా కవచం వేస్తున్నానని ప్రకటించాను.

“నేను అందులో లేనండి పిన్నిగారూ. అవతల బండ పక్కన ఉన్నాను.”

“అక్కా, అక్కడ బాణాలు తగుల్తాయి,” అంది మనవరాలు.

“తగలనీ. ఎవరైనా మందిస్తే పుచ్చుకోవచ్చు.”

మర్యాదగానే అంది. చేగోడీల పళ్ళెం నా వైపు జరిపింది కూడా. ఆ తర్వాత ప్రతి యుద్ధంలోనూ కవచం వేసే ముందు నేను ఆమెను అడుగుతున్నాను. ప్రతిసారీ ఆమె వద్దండి అంటోంది. ఆమె నిలబడిన చోటును ‘కవచానికి వెలుపల’ అని రాసుకుంటున్నాను. బాణం తగిలి ఆమె ఒరిగినప్పుడు మాత్రం కలం పక్కన పెట్టి, నా వంతు రాగానే, మరే మాటా లేకుండా మందు ఇస్తున్నానని చెబుతున్నాను.