నల్లదాన్ని సల్లారనీకు

మొన్న కోటబొమ్మాళిలో మా మేనమామ పోయాడు. పెద్ద వయసే, ఆశ్చర్యపోవలసిందేమీ లేదు. కాకపోతే పోతూ పోతూ ఆయన అన్న ఒక్క మాట ఎవరి గురించో నాకింకా తేలలేదు.

మామ గూడ్సు బండి డ్రైవరు. ఆయన నడిపింది బిలాతులో తయారై ఓడెక్కి వచ్చిన ఆవిరి ఇంజను, సరుకు లాగడానికే పుట్టినది. పాసింజరు బండి ఎందుకు తోలలేదని అడిగితే, “మనుసులు ఆలీసమైతే తిడతారు, ఉప్పుబస్తా తిట్టదురా” అనేవాడు. ఉప్పంటే గుర్తొచ్చింది, మా అత్తది కళింగపట్నం. ఎండుచేప లేనిదే ఆవిడకి ముద్ద దిగదు. సరే, అది వేరే కథ.

చిక్కంతా ఎక్కడంటే, మామ ఇంజన్నీ అత్తనీ కూడా “నల్లది” అనే అనేవాడు. నల్లదానికి ఒంట్లో బాగోలేదంటే డాక్టర్ని పిలవాలో ఫిట్టర్ని పిలవాలో మాకు తెలిసేది కాదు. రెండూ సముద్రం వైపు నుంచే వచ్చాయి, దానిది పొగ, దీనిది పొగరు అని నవ్వేవాడు.

షెడ్డులో బండి ఆగినా ఇంజను లోపల నిప్పు ఆరనివ్వరు. ఒకసారి చల్లారిందంటే మళ్ళీ ఆవిరి పుట్టించేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. రిటైరయ్యాక కూడా మామకి ఆ ధ్యాస పోలేదు. పొద్దున్నే వంటింట్లో గిన్నెకి అరచేయి ఆనించి చూసేవాడు, తర్వాత అత్త నుదుటికి.

ఆఖరి పూట నేనూ అత్తా మంచం పక్కనే ఉన్నాం. నా చేయి పట్టుకుని, “నల్లదాన్ని సల్లారనీకురా” అన్నాడు. అంతే.

దినకార్యాలయ్యాక అత్త నన్ను కూర్చోబెట్టింది.

“ఒరే అల్లుడూ, ఆకరికి మీ మావ తలుసుకున్నాది నన్నా, ఇంజన్నా?”

నిన్నే అనేద్దామనుకున్నాను.

“ఊరికే అనీకు. అబద్దమాడితే నీ సెవులు కదుల్తాయి.”

విజయనగరం అవతల రైలువాళ్ళు అలాంటి పాత ఇంజనుకి రంగేసి నిలబెట్టారు. చూపించమంది. రైల్లో తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి ఆటో ఎక్కించాను. దిగి నేరుగా వెళ్ళి, మామలాగే దానికి అరచేయి ఆనించి, చటుక్కున వెనక్కి తీసుకుంది. ఎండకి కాలిపోతోంది.

“సల్లార్లేదురా” అంది.

ఏ నల్లది అని అడగబోయి ఊరుకున్నాను. ఆవిడ ఆ చేతినే నుదుటికి ఆనించుకుని, ఇంజను నీడలో చతికిలబడింది.