కట్ట అయ్యేదాకా

మొన్న మంగళవారం పొద్దున సిరిసిల్లలో సాంచెల దగ్గర ఉండగా కోరుట్ల నుంచి నా భార్య ఫోన్ చేసింది. ఆ మరమగ్గాల మోతలో ఏమీ వినబడక బయటికొచ్చి మళ్ళీ చేశాను. "అమ్మ పోయింది. తొందరగ రా," అన్నది. అంతే. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా వేములవాడ దాకా నిలబడే వచ్చాను. కండక్టర్ రెండుసార్లు కూర్చోమన్నాడు. నాకు కుదురుగా కూర్చోవడం రాదు. ఇది రాస్తూ కూడా ఇప్పటికి మూడుసార్లు లేచి వాకిట్లోకి పోయి వచ్చాను. నా జన్మలో నన్ను కదలకుండా కూర్చోబెట్టిన మనిషి ఒక్కరే. ఆమె గురించే ఈ నాలుగు మాటలు.

ఆమె మా అత్తమ్మ, నా భార్య తల్లి. కోరుట్లలో బీడీలు చుట్టేది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం. ఎవరొచ్చినా ఎవరు పోయినా ఆ చేతులు ఆగేవి కావు. మా వైపు పాత మర్యాద ప్రకారం అత్త అల్లుడితో ముఖాముఖి మాట్లాడదు. ఆ మర్యాదను ఆమె అందరికంటే గట్టిగా పట్టుకుంది. తలమీది కొంగు జారనిచ్చేది కాదు. నాతో ఏదైనా చెప్పాలంటే నా భార్యతో చెప్పేది, ఆమె లేకపోతే గోడతో చెప్పేది. "అల్లుడు ఇంకింత అన్నం పెట్టుకోవాలె," అని గోడకేసి అంటే నేను పెట్టుకునేవాణ్ణి. పెళ్ళయిన నాలుగేళ్ళ దాకా ఆమె ముఖం నేను సరిగ్గా చూడనే లేదు.

అన్నల కాలం అది, ఊళ్ళలో నక్సలైట్లు, వాళ్ళ వెనక పోలీసులు. మా ఊళ్ళలో నోరు తెరిస్తే ఒకరితో తిప్పలు, తెరవకపోతే ఇంకొకరితో తిప్పలు. నా తిప్పలు మాత్రం నేను తెచ్చుకున్నవి. సాంచె తిప్పే బెల్టులో పడి నా ముంజేయి నలిగింది. ఒక ఆర్ఎంపీ నొప్పికి సూది వేశాడు. మర్నాడూ వేశాడు. నెల తిరిగేసరికి చెయ్యి బాగైంది కానీ సూది లేకుండా నాకు పొద్దు గడవడం లేదు. ఒక పూట తప్పితే ముక్కు కారేది, కడుపు తిప్పేది, కాళ్ళు లోపలి నుంచి ఎవరో గుంజుతున్నట్టు ఉండేవి. నా భార్య పట్టగొలుసులు కూడా ఆ సూదికే పోయాయి. ఆ రోజు ఆమె రెండేళ్ళ బిడ్డను చంకనేసుకుని కోరుట్ల బస్సెక్కింది. "గా సూది ఇడిసిపెట్టేదాక నేను రాను. బిడ్డను గూడ సూపియ్య," అన్నది. నేను కూడా మాటలు అన్నాను. అవి ఇక్కడ రాయలేను, సిగ్గు.

మూడో రోజు పొద్దున అత్తమ్మ ఒక్కతే సిరిసిల్లకు వచ్చింది. నాలుగు దులుపుతుందనుకున్నాను. ఆమె గడప అవతలే నిలబడి తలుపు రెక్కతో అన్నది: "అల్లున్ని బట్టలు సదురుకొమ్మను."

జగిత్యాలలో వారానికి ఒక్కరోజు కూర్చునే మానసిక వైద్యుడు ఒకాయన ఉండేవాడు. జనం ఆయన్ను పిచ్చి డాక్టర్ అనేవారు. అత్తమ్మ నన్ను నేరుగా ఆయన దగ్గరికే తీసుకుపోయింది. నా భార్యను కూడా రమ్మని కబురు పెట్టింది. ఆయన నా చేతి మీది సూది పోట్లు చూసి తిట్టలేదు. "నీకు పట్టింది నల్లమందు జాతి మందు. ఒక్కసారి ఆపితె తట్టుకోలేవు. నేను రాసే గోళి గూడ దాని సుట్టమే, కాని పద్ధతిగ ఏసుకుంటె గుంజుడు ఆపుతది. నెమ్మదిగ తగ్గిద్దాం," అన్నాడు. ఆ గోళీ మింగేది కాదు, నాలుక కింద పెట్టుకుని కరగనివ్వాలి. కరిగేదాకా మాట్లాడకూడదు. రోజుకు ఒకటే ఇచ్చి, కరిగిందో లేదో చూసే మనిషి ఇంట్లో ఉండాలి. నా భార్య తల అడ్డంగా ఊపింది. "నాతోని కాదు సార్. ఈయన ఏడిస్తె రెండిస్త." అప్పుడు అత్తమ్మ కిటికీ వైపు చూస్తూ చీటీ కోసం చెయ్యి చాచింది.

అలా నేను అత్తగారింట్లో పడ్డాను. వాడలో నాకు కామెర్లని చెప్పారు. పొద్దున్నే అత్తమ్మ గోళీ నా ముందున్న పీట మీద పెట్టి, గోడ వైపు తిరిగి చాట ఒళ్ళోకి లాక్కునేది. ఇరవై అయిదు బీడీలైతే ఒక కట్ట. "కట్ట అయ్యేదాక నోరు తెరవొద్దను," అనేది గోడతో. ఆకు, తంబాకు, చుట్టు, దారం, మూతి మడత. నా మోకాళ్ళు ఊగుతుండేవి. లేచి ఎటైనా ఉరుకుదామని ఉండేది. ఆ చేతులను చూస్తూ కూర్చునేవాణ్ణి. కట్ట కట్టేసి, "ఇగ లెవ్వుమను," అనేది. ఆ మాటతో నాకు ఆ రోజు మొదలయ్యేది.

పదిరోజులకు నాకు దొంగబుద్ధి పుట్టింది. ఇవాళ్టి గోళీ దాచి రేపటి దానితో కలిపి వేసుకుంటే పాత సుఖం దొరుకుతుందేమోనని దాన్ని బుగ్గలోకి నెట్టి, మెల్లగా పిడికిట్లోకి తీసుకుని, మింగినట్టు గుటక వేశాను. చుట్టే చేతులు ఆగాయి. నేను ఆ ఇంట్లోకి వచ్చాక మొదటిసారి ఆగాయి. "కట్టకు కరిగేటిది ఏడు బీడీలకే కరిగిందా?" అని ఆమె ఇటు తిరిగింది. కొంగు జారింది, సర్దుకోలేదు. సూటిగా నా ముఖంలోకి చూసింది.

"నాలిక లేపు, అల్లుడా."

నలభై అయిదేళ్ళ ఆడమనిషి, మర్యాద తప్పితే ప్రాణం పోయినట్టు బాధపడే మనిషి, అల్లుడి నోట్లోకి తొంగి చూసింది. నేను పిడికిలి తెరిచాను. కోపం వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. "రేపటి గోళి రేపే," అని మళ్ళీ గోడ వైపు తిరిగింది. "నాకు గూడ ఆకు దొరకని రోజు చేతులు గుంజుతయి. అల్లునికి చెప్పు."

ఒకరోజు పొద్దున వాడంతా పోలీసులు దిగారు. అన్నలెవరో వచ్చిపోయారని ఇల్లిల్లూ వెతుకుతున్నారు. నేను అప్పుడే గోళీ పెట్టుకున్నాను. ఒక ఎస్సై లోపలికొచ్చి చాటలో చెయ్యి పెట్టి గోళీల డబ్బా తీశాడు. "ఇన్ని మాత్రలెవరికి? అడవిలోకి పంపిస్తున్నారా?" నా వైపు తిరిగాడు. "నీ పేరేంట్రా?"

బుద్ధున్న ఎవరైనా పేరు చెప్తారు. నేను చాట వైపు చూశాను. కట్ట సగం కూడా కాలేదు. నోరు తెరవలేదు. ఇంకోసారి అడిగాడు. తెరవలేదు. కాలర్ పట్టి వాకిట్లోకి ఈడ్చాడు. లాఠీ లేచింది. వాడలో జనమంతా గోడల మీదుగా చూస్తున్నారు.

అత్తమ్మ చాట పక్కన పెట్టి బయటికొచ్చింది. మగవాళ్ళ ముందు ఆమె గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. "కొట్టకు సార్! మా అల్లుడు సూదిమందుకు అలవాటు పడ్డడు. గవి అది మాన్పే గోళీలు. నోట్లె గోళి ఉన్నది, మాట్లాడొద్దని నేనే చెప్పిన." బొడ్డు సంచిలోంచి జగిత్యాల డాక్టర్ చీటీ తీసి ఆయన చేతిలో పెట్టింది. తర్వాత నాతో, "నాలిక లేపు, అల్లుడా. సారుకు సూపియ్యి."

నేను వాడలో అందరి ముందూ నాలుక లేపాను. ఎస్సై వంగి, సగం కరిగిన గోళీ చూసి, చీటీ రెండుసార్లు చదివి, డబ్బా గడప మీద పెట్టి పోయాడు. కామెర్ల అబద్ధం ఆ క్షణంలో పోయింది. ఆమె కాపాడుకుంటూ వచ్చిన పరువూ పోయిందనే అనుకున్నాను. ఆమె లోపలికొచ్చి చాట లాక్కుని గోడతో అన్నది: "ఇంకా పద్నాలుగు బీడీలున్నయి. కూసొమ్మను."

ఆ వారమే రాయికల్ నుంచి ఒకామె వచ్చి వంటింట్లో చెవిలో చెప్పుకుంది, వాళ్ళింట్లో కూడా సూదికి అలవాటు పడ్డవాళ్ళు ఒకరున్నారని. అత్తమ్మ జగిత్యాల దారి చెప్పి పంపింది. మధ్యలో నేనూ ఒకసారి తప్పాను. సూది వేయించుకుని వచ్చి మూలకు కూర్చుంటే, "నిన్నటిది నిన్ననే పాయె. డాక్టర్ దగ్గరికి నడువుమను," అన్నది. గోళీ సగమైంది, పావైంది, ఏడాదిన్నరకు ఆగిపోయింది. ఆఖరి రోజు కూడా కట్ట పూర్తి చేసే లేవనిచ్చింది. నా భార్య, బిడ్డ నాతో సిరిసిల్లకు వచ్చారు. నాకు మిగిలిన బతుకంతా ఆమె పెట్టిందే. ఈ మాట ఆమె బతికుండగా చెప్పలేదు. ఎన్నిసార్లు చెప్పబోయినా గోడ వైపు తిరిగేది.

మొన్న కోరుట్లలో అన్నీ అయిపోయి అందరూ స్నానాలకు పోయాక, నేను నా పాత చోట కూర్చున్నాను. చాట గోడవారగా అలాగే ఉంది. ఆకు ఇంకా తడిగా ఉంది. పక్కన పొద్దున ఆమె చుట్టిన బీడీలు. నాలుక కింద ఏమీ లేకపోయినా నోరు మూసుకునే కూర్చున్నాను. నా భార్య తలుపు దగ్గరికొచ్చి, "ఎంతసేపు గట్ల కూసుంటవు? ఇగ లే," అన్నది.

బీడీలు లెక్కపెట్టాను. పదకొండే ఉన్నాయి. లేవలేదు.