నలభై గొడుగులూ, ఢిల్లీ సాబూ

నాన్నకు తెలియకుండా వ్యాపారం పెట్టిన కొడుకులు లోకంలో చాలామందే ఉంటారు. ఆ వ్యాపారానికి మొట్టమొదటి గిరాకీగా సాక్షాత్తూ నాన్నే వచ్చి పడితే, ఆయన్నే నిలువునా ముంచినవాణ్ణి మాత్రం నాకు తెలిసి నేనొక్కణ్ణే. మీరు నవ్వుకోండి, పరవాలేదు. నాకు మాత్రం అప్పట్లో పన్నెండు రోజులు అన్నం సహించలేదు.

మాది తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న భోపాలపట్నం. బస్టాండు దగ్గర నాన్నకు కొట్టుంది, దాని వెనకే మా ఇల్లు. టార్చిలైట్లు, తాళాలు, చెప్పులు, వానాకాలమొస్తే గొడుగులు. వారానికోసారి మూటలు కట్టుకుని మద్దేడు బజారుకు వెళ్లి అక్కడా అమ్ముతాడు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. కొట్లో కూర్చుని తాళాలు అమ్మడానికి నా తెలివితేటలు మరీ ఎక్కువైపోయాయని నా నమ్మకం. అందుకని ఫోన్లోనే ఒక దుకాణం తెరిచాను. దాన్ని డ్రాప్ షిప్పింగ్ అంటారు. మన దగ్గర గుండుసూది కూడా ఉండక్కర్లేదు. ఎవరివో బొమ్మలు మన దుకాణంలో పెడతాం, ఆర్డరొస్తే ఢిల్లీలో ఉన్న సప్లయరుకు చెబుతాం, అతను సరాసరి కొన్నవాళ్ల ఇంటికి పంపేస్తాడు. మధ్యలో మనం కాలు మీద కాలేసుకుని సేటులా కూర్చోవడమే. నా దుకాణం పేరు చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. అందులో 'గ్లోబల్' అన్న ముక్క ఉందని మాత్రం ఒప్పుకుంటాను. ప్రకటన మాత్రం చవగ్గా వస్తుందని మా జిల్లాకే ఇచ్చాను.

నెల రోజులు ఈగ కూడా వాలలేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఫోను గణగణమంది. గొడుగులు. ఒకటీ రెండూ కాదు, నలభై! వెంటనే ఆర్డరును ఢిల్లీకి పంపేసి, ఆనక తీరిగ్గా కొన్నవారి పేరు చదివాను.

మా నాన్న పేరు.

ఆ ఏడు వరంగల్ నుంచి రావలసిన సరుకు రాలేదు. కొత్తగా కొన్న ఫోన్లో నాన్న వెతుక్కుంటూ వెతుక్కుంటూ నా దగ్గరికే వచ్చాడన్నమాట. సప్లయరుకు ఫోన్ చేసి ఆర్డరు ఆపమని బతిమాలాను. "ప్యాకింగ్ అయిపోయింది భయ్యా" అని పెట్టేశాడు.

సాయంత్రం అన్నం దగ్గర నాన్న మహా హుషారుగా ఉన్నాడు.

"ఢిల్లీల పెద్ద కంపెనీరా. ఫొటోల గొడుగు ఎంత మంచిగున్నదో! మద్దేడుల అందరికీ ఫోన్ జేసి మాటిచ్చిన, ఈ వారం గాక పై వారం బజారుకు తెస్తనని."

"అందరికీ ఎందుకు చెప్పినవ్ నాయనా? సరుకు రానియ్యి ముందుగాల."

"ఎందుకు రాదురా? ఆ కంపెనీ మాలిక్ ఎవరో గాని, మస్తు హోషియార్ ఉన్నట్టుండు."

ఆ హోషియార్ మాలిక్కు ముద్ద దిగలేదు, మంచినీళ్లు తాగి లేచాడు.

ఆ రోజు నుంచి పార్సిల్ ఎక్కడిదాకా వచ్చిందో ఫోన్లో చూసుకోవడమే నా పని. రాయపూర్ దాటింది. జగదల్‌పూర్ చేరింది. మా జిల్లా కేంద్రం బీజాపూర్‌లో రెండు రోజులు ఆగింది. అక్కడే ఏ వాగులోనైనా పడి కొట్టుకుపోతే బాగుండునని నేను మొక్కని దేవుడు లేడు. ఒక పక్క వానలు మొదలయ్యాయి. మద్దేడు వైపు నుంచి బస్సు దిగిన ప్రతివాడూ "సేటూ, గొడుగులొచ్చినయా?" అని అడిగేవాడు. నాన్న "వస్తున్నయ్, వస్తున్నయ్" అనేవాడు. ఇరవై ఏళ్లుగా ఆయన ఆ బజారులో మాటిచ్చి తప్పింది లేదు. నాకు భయమంతా అక్కడే.

బజారు ఇక రేపనగా పెట్టె వచ్చింది. నాన్న డబ్బు కట్టి, కత్తితో తాడు కోసి, పైనున్న గొడుగు తీసి తెరిచాడు.

గులాబీ రంగు. చుట్టూ కుచ్చుల జాలరు. పైన రెండు కుందేలు చెవులు. ఐదేళ్ల పిల్ల తలకు సరిపోతుందేమో, అదీ జడ వేసుకోకపోతే. ఫొటోలో ఉన్నది నల్ల రంగుది, పక్కన మనిషి లేడు కనక గొడుగు ఎంతుందో నాకు తెలియనే లేదు. చెవులూ, కుచ్చులూ నల్లటి నేపథ్యంలో కలిసిపోయాయి. నాన్న రెండోది తెరిచాడు. మూడోది తెరిచాడు. నేను మెల్లగా వెనక గోదాములోకి జారుకున్నాను.

అక్కడే నా ఫోను మోగింది. బిల్లు మీదున్న కస్టమర్ కేర్ నంబరు, నాన్నకు తెలియకుండా తీసుకున్న నా రెండో సిమ్‌దే కదా! తీసుకోకపోతే మోగుతూనే ఉంటుంది, గోడకవతల వినబడుతుంది. తీసుకున్నాను. ముక్కు మూసుకుని, వచ్చిన హిందీ అంతా కూడగట్టుకున్నాను.

"జీ సర్, బోలియే."

"సాబ్, యే క్యా భేజా ఆప్‌నే? ఛాతా హై కి ఖిలోనా?" గొడుగా ఆటబొమ్మా అంటున్నాడు నాన్న. కోపమొస్తే ఆయనకు హిందీ ఎక్కువసేపు నిలవదు. "అరే, మా బజార్ల మనుషులు వానల తడువాల్నా సాబ్? నా ఇజ్జత్ ఏంగావాలె?"

"సర్, ఆప్ చింతా మత్ కీజియే, హమారా మేనేజర్..." అంటూ బెంగపడొద్దని చెప్పబోయాను.

సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి అమ్మ గట్టిగా కేకేసింది. "మురళీ! అన్నం పెట్టిన, రా!"

ఆ కేక నాన్నకు ఒక చెవిలో ఇంట్లోంచీ, ఇంకో చెవిలో ఫోన్లోంచీ వినబడింది. ఆ తర్వాత నాన్న చాలా మర్యాదగా అన్నాడు:

"సాబ్, మీ ఢిల్లీల గూడ మా ఇంటామె కేకేస్తున్నదేంది? పోయి తినుండ్రి. సల్లారుతది."

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. కంచం ముందు కూర్చుని ఒకటే మాటన్నాడు: "రేపు మద్దేడు నువ్వే పోతవ్. నీ సరుకు, నువ్వే అమ్ముకో."

మర్నాడు మద్దేడులో నలభై జతల కుందేలు చెవుల మధ్య కూర్చున్నాను. వాన తుంపరగా పడుతోంది. మొదట పోచమ్మ అవ్వ వచ్చింది. నాన్న దగ్గర ఏళ్ల తరబడి కొంటున్న మనిషి. గొడుగు తెరిచి తల మీద పెట్టుకుంది. రెండు భుజాలూ తడుస్తున్నాయి. తిడుతుందని కళ్లు మూసుకున్నాను.

"మీ నాయనకు పానం బాగలేదా బిడ్డా?" అంది.

"బాగనే ఉండు అవ్వా."

"బాగుంటే గిసొంటిది ఎట్ల పంపిస్తడు? నిజం చెప్పు, ఏమైంది పెద్దాయనకు?"

ఆమె కళ్లలో నిజంగానే భయం కనిపించింది. అంత సిగ్గు నాకు మునుపెన్నడూ కలగలేదు. "నాయన తప్పేం లేదు అవ్వా. ఆయనకు తెల్వకుండ నేనే ఫోన్ల అమ్మిన. సరుకు నేను గూడ సూడలే" అని ఉన్నదంతా చెప్పేశాను.

అవ్వ గుండెల మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాత బజారంతా వినబడేలా అరిచింది: "ఓ! పెద్దాయన మంచిగనే ఉండు! గిదంత ఈ పోరడు జేసిండు!"

జనం హమ్మయ్య అనుకున్నారు. అనుకుని నా మీద పడ్డారు. చంకలో పందెం కోడిని పెట్టుకున్న ఒకాయన రెండో చేత్తో నా కాలరు పట్టుకుని ఊపేశాడు. ఆ ఊపుకి కోడి కూడా నన్ను పొడిచింది. చివరికి కోడికి నీడగా ఉంటుందని ఒక గొడుగు ఆయనే కొన్నాడు. ఆ రోజు నా బేరం అదొక్కటే.

ఆ ముప్పై తొమ్మిది గొడుగుల సాక్షిగా, చినిగిన కాలరు సాక్షిగా నేను ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట చెయ్యి చాస్తే నా చొక్కా అందేంత దూరంలో ఉన్నవాళ్లకే ఏ వస్తువైనా అమ్ముతాను. నాలుగేళ్లయింది, మాట తప్పలేదు. ఈలోగా మూడు చొక్కాలకు గుండీలు ఊడాయంటే, అది వేరే సంగతి.