సాక్ష్యం చెప్పమన్నారు

మా ఆయన ఐసీయూలో ఉన్నన్నాళ్లూ, ఇక్కడ అమెరికాలో, క్యారీలోని మా తెలుగు చర్చివాళ్లు వంతులేసుకుని మరీ భోజనాలు తెచ్చారు. ఆయన ఇంటికి రాగానే ఆపేశారు. బతికి వచ్చారు కాబట్టి ఇక మాకేం కావాలనుకున్నారు కాబోలు. చెంచా పట్టుకుంటే ఆయన చేయి వణుకుతుంది. ఒంటరిగా ఉండాలంటే భయం. నేను స్నానానికి వెళ్లినా తలుపు తీసే ఉంచాలి.

శనివారం చర్చి పెద్దావిడ ఒకరు ఫోన్ చేశారు.

"వందనాలమ్మా. మీ ఆయన్ని దేవుడు లేపాడు కదా, రేపు ఆదివారం సర్వీస్‌లో ఆ మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పు."

"చెప్తానండి. కానీ ఈయన్ని ఇంకా బయటికి తీసుకురాలేను. నేను తిరిగొచ్చేదాకా ఈయన దగ్గర ఎవరైనా కూర్చుంటారా?"



"ఎవరుంటారమ్మా? అందరం నీ సాక్ష్యం వినడానికి చర్చిలోనే ఉంటాం కదా."